మెడ తిప్పిన పిట్ట

ఆఫీసులో ఆమెని అందరూ "మ్యూజియం" అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, ఇప్పుడు మొహం మీదే పిలుస్తున్నారు, ఆమె పలుకుతోంది కూడా. బట్టల మీదికి బొమ్మలు గీయడం ఉద్యోగం. ఊరికే ఓ పువ్వు గీయమంటే గీస్తుందా? అది ఏ కాలంలో పూసిందో, ఏ రాణి పైటకెక్కిందో తేలాలి. టీ కప్పు చేతికిచ్చినా అడుగున ఏం రాసుందోనని తిరగేసే రకం. ఒకసారి నిండు కప్పే తిరగేసిందని గిట్టనివాళ్లు చెబుతారు.

పన్నెండేళ్లు దుప్పట్ల అంచులు గీసీ గీసీ, తన పేరు మీద ఒక్క కలెక్షన్ వెయ్యనివ్వమని యజమాని ప్రాణం తీసింది. ఆయన విసిగిపోయి, "సరే, వెయ్యి. అమ్ముడుపోలేదో, మళ్లీ దుప్పట్లే. ఇంకోసారి ఈ ఊసెత్తకూడదు" అన్నాడు.

ఇక చూస్కోండి. ఆర్నెల్లపాటు ప్రతి సెలవూ మ్యూజియంలోనే. అక్కడ అద్దాల పెట్టెలో మూడువందల ఏళ్లనాటి శాలువా ఒకటుంది. దాని మీద బారులుగా పిట్టలు. అన్నీ బుద్ధిగా ముందుకి చూస్తుంటే, అంచు దగ్గర ఒక్కటి మాత్రం మెడ వెనక్కి తిప్పి చూస్తోంది. మన మనిషి దాని మీద మనసు పారేసుకుంది. శాలువాల మీద అదే పిట్ట, పరదాల మీద అదే పిట్ట, చివరికి చొక్కాలనీ వదల్లేదు. పరిచయ పుస్తకంలో దాని గురించి పేజీన్నర రాసింది. పోయిన రాజ్యాన్ని ఆఖరిసారి తిరిగి చూసుకుంటున్న పిట్టట! పేరు తెలియని మహా కళాకారుడి కన్నీటిబొట్టట! చదివిన యజమాని కూడా జేబురుమాలు తీశాడు.

పెద్ద షాపు మేడమ్ సరుకు చూడ్డానికొచ్చే రోజు ఆ హడావిడిలో మన మనిషి భోజనం క్యారియర్ ఇంట్లో మర్చిపోయింది. పెద్దమ్మ తెచ్చింది. ఈ పెద్దమ్మ ఉండేది ఆమెతోనే. అదే మ్యూజియంలో పాతబట్టలకి రఫూ చేస్తూ ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైంది. ఆ సంగతి మన మనిషికి తెలుసు. తెలుసంటే తెలుసు, అంతే. ఏనాడూ కూర్చోబెట్టి అడిగిన పాపాన పోలేదు.

పెద్దమ్మ క్యారియర్ బల్ల మీద పెట్టి, వేలాడుతున్న బట్టల వైపు చూసి కళ్లజోడు సర్దుకుంది.

"ఓసి నీ దుంపతెగ! ఇది నా పిట్టే కదే!"

"నీదేమిటి పెద్దమ్మా?"

"దాని తల పురుగు కొట్టేసింది. ముందుకి పెడదామంటే అంచు చిరిగి వేలెడు జాగా లేదు. వెనక్కి తిప్పి కుట్టేశాను. ఎవరైనా నిలదీస్తారేమోనని రిటైరయ్యేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాననుకో."

పేజీన్నర! కన్నీటిబొట్టు! ఈలోగా గుమ్మంలో మేడమ్ చెప్పుల చప్పుడు. పక్కనే ఉండి అంతా విన్న యజమాని మన మనిషి చెవిలో, "నోరు మెదపకు. పిట్టొచ్చి సాక్ష్యం చెబుతుందా ఏం?" అన్నాడు.

మేడమ్ తిన్నగా వెళ్లి పిట్ట దగ్గరే ఆగింది. "ఎంత బావుందో! ఎవరిదీ బొమ్మ?"

మూడువందల ఏళ్ల మాట మన మనిషి నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మేమో తలుపు పక్కన నిలబడి, దొంగతనం బయటపడ్డట్టు నేల చూపులు చూస్తూ ఖాళీ సంచి మడతపెడుతోంది. అది చూసి మన మనిషికి చచ్చేంత సిగ్గేసింది. పేరు తెలియదని రాసింది ఎవరి గురించో కాదు, రోజూ తనని నిద్ర లేపే మనిషి గురించే!

"మా పెద్దమ్మది. రఫూలో ఆవిడ కుట్టిన తల అది. నేను రాసిందంతా తప్పండీ."

యజమాని తల పట్టుకున్నాడు. మేడమ్ పెద్దమ్మ వైపు తిరిగి, "వెనక్కెందుకు తిప్పారండీ?" అంది.

"ముందు జాగా లేదమ్మా."

మేడమ్ పకపకా నవ్వింది. పెన్ను తీసి పరిచయ పుస్తకంలోని పేజీన్నరనీ అడ్డంగా కొట్టేసింది. "దీని బదులు 'ముందు జాగా లేదమ్మా' అన్న ఒక్క ముక్కా వేయించండి, పెద్దమ్మగారి పేరుతో. శాలువాలూ పరదాలూ అన్నీ నాకే. చొక్కాలు మాత్రం వద్దు బాబూ!"

మేడమ్ వెళ్లాక పెద్దమ్మా, మన మనిషీ క్యారియర్ విప్పుకుని కూర్చున్నారు. మన మనిషి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి అడిగింది.

"ఇంకా ఏమేం కుట్టావు పెద్దమ్మా అక్కడ?"

పెద్దమ్మ కళ్లజోడు తీసి కొంగుతో కళ్లొత్తుకుంది.

"అడుగుతావేమోనని చూసీ చూసీ మానేశానే," అంది. "రెండో గదిలో పరదా మీద ఏనుగుంటుంది చూడు. దాని నాలుగో కాలు నాదే."