పొలం రాజక్కది, ఇసుక సర్కారుది

ఎండాకాలంలో మా ఊరి కాలువలో నీళ్లు పారడం మొదటిసారి చూసినప్పుడే, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో వెళ్లి చూడాలనుకున్నాను. ఆ కోరిక తీరడానికి ఏళ్లు పట్టింది. పోయిన నవంబరులో పొద్దున్నే మంచిర్యాలలో రైలు దిగి, బస్సులో చెన్నూరు వెళ్లి, అక్కడ రానుపోను ఎనిమిది వందలకు ఆటో మాట్లాడుకున్నాను. ప్రాణహిత వంతెన దాటితే సిరొంచ, మహారాష్ట్ర. బోర్డులు మరాఠీలోకి మారాయి గానీ, హోటల్లో ఇడ్లీ పెట్టినావిడ "జర చట్నీ ఎయ్యాల్నా అక్కా?" అనే అడిగింది.

మా కాలువకు నీళ్లొచ్చేది ఆ దగ్గర్లో గోదావరి మీద తెలంగాణ కట్టిన బ్యారేజీ నుంచే. ఆ నీళ్లు బాగా కనిపించే చోటికి తీసుకెళ్లమన్నాను. "నీళ్లేం చూస్తరు మేడం, నీళ్లు ఏం జేసినయో చూడుండ్రి," అంటూ ఆటో డ్రైవర్ సమ్మయ్య దిగువకు పోయే మట్టిబాట పట్టించాడు. గోదావరి ఒడ్డున అతని మేనత్త రాజక్క పొలం ఉంది. ఆ వానాకాలం గేట్లెత్తినప్పుడు నది పొంగి వరిని ముంచింది. వరద తీస్తూ మోకాటి లోతు ఇసుక పోసి వెళ్లింది. గట్లు ఎక్కడున్నాయో కూడా తెలియడం లేదు.

మేం వెళ్లేసరికి అక్కడ గొడవ జరుగుతోంది. రాజక్క కిరాయికి తెచ్చుకున్న ట్రాక్టర్‌ను, మోటర్‌సైకిల్ మీద వచ్చిన ఒక రెవెన్యూ ఉద్యోగి ఆపించాడు.

"ఇసుక సర్కారుది అక్కా. పర్మిషన్ లేకుంట తీస్తే కేసైతది."

"సర్కారుదైతే సర్కారే తీస్కపోవాలె. నా పొలంల ఎందుకు పోసిండ్రు?"

"నా చేతుల లేదు. పెద్ద ఆఫీసుకు పో."

"పోయిన. డ్యాము మాది గాదన్నరు. మరి ఇసుక మాత్రం మీదేనా సారూ?"

కేసు మాట వినగానే ట్రాక్టర్ అతను భయపడి, ట్రాలీకెత్తిన ఇసుకను మళ్లీ ఆ పొలంలోనే కుమ్మరించి వెళ్లిపోయాడు.

రాజక్క ఆ కుప్ప పక్కనే కూలబడింది. నాది ఏ ఊరని అడిగింది. చెప్పాను.

"మీకు కాల్వ వచ్చిందా?"

"వచ్చింది."

"రెండు పంటలు తీస్తున్నరా?"

తీస్తున్నామన్నాను.

"మంచిగైంది పో. ఎవలకో ఒకలకు పండాలె గద," అని లేచి, తట్ట తీసుకుని ఇసుక ఎత్తడం మొదలుపెట్టింది.

తిరుగుదారిలో దూరంగా గేట్ల వరుస కనిపించింది. సమ్మయ్య ఆపనా అన్నాడు. వద్దన్నాను. నీళ్లొచ్చిన రోజు మేం కాలువలో పసుపు కుంకుమ వేసి మొక్కాం. ఆ నీళ్లకు ఇంకో ఒడ్డు కూడా ఉంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు. తెలిశాక మాత్రం ఏం చేస్తాం? ఈ యాసంగికీ రెండో పంట నాట్లు వేస్తాం.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇసుక తెల్లగా, అందంగా ఉంది కదా అని ఫొటోల కోసం దిగిపోకండి. గేట్లు ఎప్పుడెత్తుతారో ఒడ్డునున్నవాళ్లకే తెలియదు. పైగా మీరు నిలబడ్డది నది ఇసుక మీద కాకపోవచ్చు, ఎవరిదో పొలం మీద.