తెల్ల పొడి మీద ఎర్ర గీత

కరీంనగర్ నుంచి ఫోనొచ్చింది. మా టెస్టింగ్ మేడమ్ పోయారట. నేనప్పుడు మిల్లులో వేడి నూనె పైపు కింద ఉన్నాను. ఈ రోజు ప్రాణంతో ఇలా నిలబడగలిగానంటే ఆమె వల్లే.

ఆదిలాబాద్‌లో మాది పత్తిగింజల నూనె మిల్లు. పైపులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు. వెల్డింగ్ అతుకుల్లో పగుళ్ళున్నాయేమో చూడటానికి మేడమ్ ఏటా బస్సులో వచ్చేవారు, సంచిలో రంగు డబ్బాలతో. మొదటిసారి నేను నవ్వాను.

"అద్దం తీరుగ మెరుస్తుంది. తుప్పు లేదు, సొట్ట లేదు. దీనికేం పరీక్ష మేడమ్?"

"తుప్పు పట్టేది ముందుగాల చెప్తది. గిది చెప్పదు."

పైపు చల్లారాక అతుకు మీద ఎర్ర రంగు చల్లారు. కాసేపాగి శుభ్రంగా తుడిచి, తెల్ల పొడి కొట్టారు. పగులుంటే అందులో ఇంకిన ఎరుపును ఆ పొడి బయటికి లాగుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. అప్పుడెవరైనా మాట్లాడితే ఆమెకు నచ్చదు. చూస్తుండగానే తెలుపులో ఎర్ర గీత లేచింది, వెంట్రుకంత సన్నంగా. దానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. అంత మెరిసే ఉక్కులో అది ఎన్నాళ్ళుగా పెరుగుతోందో.

"దీని కింద ఎవరుంటరు?"

"నేనే."

మేడమ్ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు జరిపారు.

అతుకు పక్కనున్న పసుపు మరకను గోటితో గీకి చూశారు. ఏటా దసరాకు అక్కడే కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు పైపు మీద పోసేవాళ్ళం.

"వెల్డింగ్ చేసినకాడ ఉక్కు గుంజుకోని ఉంటది, చల్లారినా వదల్దు. కొబ్బరినీళ్ళు ఎండితే ఉప్పు మిగుల్తది. గా ఉప్పు, గీ వేడి, లోపటి గుంజుడు కలిస్తే ఎంత మంచి ఉక్కయినా చీలుతది."

చర్చికి పోయే మనిషి పూజ వద్దంటోందని మా ఫోర్‌మన్ ముఖం మాడ్చుకున్నాడు. మేడమ్ ఆయన వైపు తిరిగారు.

"పూజ బరాబర్ చెయ్యి తమ్మీ. నీళ్ళు మాత్రం బకెట్ల పట్టు."

పగులున్న అతుకు దగ్గర కోసి తీసిన పైపు ముక్కను ఫోర్‌మన్ సుత్తితో ఒక్కటి కొడితే పెంకులా విరిగింది. ఆ దసరాకు బకెట్ పట్టుకుని నిలబడింది ఆయనే.

ఫోనొచ్చిన మర్నాడు కరీంనగర్ చర్చిలో ఆమెను పెట్టెలో చూశాను. తెల్ల చీర మీద చేతులు. గోళ్ళ అంచుల్లో సన్నగా ఎరుపు. పక్కనున్న కూతురు నా చూపు గమనించింది.

"సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోలే అన్నా."

"ఉండనియ్యి చెల్లె."

చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ మాట్లాడకుండా, ఆ ఎరుపునే చూస్తూ నిలబడ్డాను.