లొరీనా తెరవని పిస్తోలు

మా ఓక్లహోమా పట్నంలో సంచిలో పిస్తోలు పెట్టుకు తిరిగే ఆడవాళ్ళందరికీ గురి నేర్పింది లొరీనా టాకెట్. డెబ్బై దాటినా, నా తుపాకుల కొట్టు వెనక శనివారం పాఠం మానదు. మొగుడు పోయాక ఆవిడకు మిగిలింది ఆ పాఠమే.

అక్కడ ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. పిస్తోలు ఎవరి చేతికిచ్చినా, ముందు పైనున్న ఉక్కు తొడుగు వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించాలి. మరిచిపోతే ఆ రోజుకి ఇంటికే. ఒకసారి సొంత చెల్లెలు ఒలీటానే పంపేసింది. ఆ ఏడు థాంక్స్‌గివింగ్ పండక్కి ఒలీటా ఏటా చేసే పెకాన్ పై అనే మిఠాయి చేయలేదు సరికదా, అక్కతో పలకనైనా లేదు.

పోయిన నెల లొరీనా వాడే పిస్తోలుకే కొత్త రకం వచ్చింది. క్లాసు వాళ్ళంతా నా బల్ల చుట్టూ మూగారు. నేను కొత్తది తెరిచి చూపించి బల్ల మీద పెట్టాను.

"ఏంట్రా డెన్వర్, దీని గొప్ప?" అంది లొరీనా నాతో.

"అంతే పొట్టి, అంతే సన్నం. మీదాంట్లో ఆరు తూటాలే, ఇందులో పది. తొడుగు కూడా తేలిగ్గా వస్తుంది."

"ఆరింటికి కుదరని గురి పదింటికి కుదురుతుందేంటి? కబుర్లు మాని రెండూ పక్కపక్కన పెట్టి చూపించు."

అంటూ తన పాతది తీసి నా చేతిలో పెట్టింది. తెరవకుండానే.

నేను తూటాల మ్యాగజైన్ ఊడదీసి తొడుగు లాగాను. లోపలి తూటా అద్దం బల్ల మీద పడి దొర్లింది. అప్పుడు చూశాను ఆవిడ వేళ్ళు. కణుపులన్నీ వాచి వంకర్లు పోయాయి. ఆ బిగువు తొడుగు లాగే సత్తువ లేక, ఎన్నాళ్ళ నుంచో లోపల తూటాతోనే మోస్తోంది.

ఒలీటా అక్కడే ఉంది. ఇక దెప్పుతుందనుకున్నాను.

"ఎవరూ చూళ్ళేదులే అక్కా," అంది మెల్లగా.

"నువ్వు చూశావుగా. పాఠం నువ్వు చెప్పు. తొడుగు లాగలేనిదాన్ని, నాకిక్కడేం పని?"

పొరపాటున తుపాకీ పేలితే తప్పు పక్కవాడి మీదికి నెట్టేసే మొనగాళ్ళను చాలామందిని చూశాను, వాళ్ళ మొహం మండ. తన శిక్ష తనే వేసుకుని, తల వంచకుండా నడిచిపోయిన మనిషిని ఆ రోజే చూశాను.

రెండు రోజులాగి లొరీనా కొట్టుకి వచ్చి, "ఆ కొత్తదియ్యి. నోరెత్తావంటే చూడు," అంది. నేను నోరెత్తలేదు.

మరుసటి శనివారం వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సంచిలోంచి కొత్తది తీసి, ఆ వంకర వేళ్ళతో తొడుగు పట్టుకుని పళ్ళ బిగువున లాగింది. వచ్చింది. అలాగే తెరిచి చెల్లెలి ముందు పట్టుకుంది.

"చూడు."

ఒలీటా తొందరపడలేదు. వంగి చూసింది. అక్క నేర్పినట్టే చిటికెన వేలు కూడా లోపల పెట్టి తడిమింది. కళ్ళు తుడుచుకుంది.

"ఖాళీయే అక్కా. లోపలికి రా. వీళ్ళు నా మాట వింటే ఒట్టు."