గేటు దాటాక హిల్కే చెప్పే మాట

తామ్మోను తిట్టకుండా హిల్కే గురించి చెప్పడం నాకు చేతకాదు. మధ్యమధ్యలో తిడతాను, సర్దుకోండి.

జర్మనీలో మా వేజర్ నది పొడుగునా ఆవులున్న ప్రతి ఇంట్లోనూ ఒక మేలుజాతి గుర్రం కూడా ఉంటుంది. ఏటా అక్టోబరులో పెద్ద వేలం. డ్రెస్సాజ్ పోటీలకు, అంటే రౌతు సైగకు గుర్రం నాట్యంలా అడుగులేసే పోటీలకు, పనికొచ్చే మూడు నాలుగేళ్ళ లేత గుర్రాలు, అన్నీ కలిపి నలభైకి మించవు. ఆ నలభైని ఎంచడానికి మా కారు మే నెల నుంచే ఊరూరా తిరుగుతుంది. నడిపేది నేను, ఫోక్కోని. నా పక్కన ఎంపిక సంఘం పెద్ద తామ్మో. వెనక హిల్కే, ఒళ్ళో తన పాత జీను. పందొమ్మిదేళ్ళు ఇలాగే తిరిగాం.

ఏ ఇంటికి వెళ్ళినా పద్ధతి ఒకటే. ముందు కాఫీ, వెన్న కేకు. తర్వాత గుర్రాన్ని గట్టి నేల మీద నడిపిస్తారు, ఇసుకలో వదిలి పరిగెత్తిస్తారు, ఆ ఇంటి రౌతు ఎక్కి చూపిస్తాడు. ఇంటి రౌతుకి తన గుర్రం గుట్టు తెలుసు. ఎక్కడ దాచాలో అక్కడ దాచి నడుపుతాడు. అందుకే ఆఖరున హిల్కే ఎక్కుతుంది. ఎక్కగానే ఓ నిమిషం కళ్ళు మూసుకుంటుంది. పది నిమిషాల్లో దిగి, గుర్రం మెడ నిమిరి, మిగిలిన కేకు దగ్గరకొచ్చి కూర్చుంటుంది. గుర్రం గురించి ఒక్క ముక్క మాట్లాడదు. ఇంటివాళ్ళు ఆమె నములుతున్న తీరులో ఫలితం వెతుక్కుంటూ ఉంటారు, పాపం. కారు గేటు దాటి రోడ్డెక్కాకే ఆమె నోరు విప్పుతుంది. ఒక్క మాట చెబుతుంది. తామ్మో దాన్ని కాగితం మీద పెట్టడు. పెట్టకూడదని పాత కట్టుబాటు. వద్దన్న గుర్రం గురించి రాసి ఉంచితే ఆ ఇంటివాళ్ళ పరువు పోతుందట.

ఆ ఒక్క మాటలు పోగేసి ఉంటే నేనో పుస్తకం వేసేవాణ్ణి. "ఇది గుర్రం కాదు, అద్దం ముందు కూర్చున్న పెళ్ళికూతురు," అంది ఒకసారి. ఇంకోసారి, ఊరంతా మెచ్చుకున్న నల్ల గుర్రం మీదనుంచి దిగి, "పాపం, దానికి పని ఇష్టం లేదు తామ్మో. దాన్ని ఎవరైనా పిల్లలకిచ్చి క్యారెట్లు తిననివ్వండి," అంది. ఆమె వద్దన్నది ఆ నలభైలోకి ఎప్పుడూ రాలేదు.

హిల్కే బంగాళాదుంపలు పండించే ఇంట్లో పుట్టింది. సొంత గుర్రం ఏనాడూ లేదు. ఇతరులు దులిపేసుకున్న మొండి గుర్రాల మీద ఎక్కి ఎక్కి పడి పడి నేర్చుకుంది. పెళ్ళి మీదకు మనసు పోలేదు. ఇల్లంతా ఇతరుల గుర్రాల ఫొటోలే. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, మెట్లెక్కడానికి మోకాలు పట్టుకునే మనిషి జీను మీద కూర్చుంటే మాత్రం ఇరవై ఏళ్ళ పిల్లలా ఉండేది. ఆమెకు ఉన్న ఆస్తి ఆ మాటే. వేలం కేటలాగులో ఆమె ఒప్పుకున్న గుర్రాల పేజీ కింద "హిల్కే ఎక్కి మెచ్చింది" అని వేస్తారు. దేశదేశాల వాళ్ళు ముందు ఆ మాట చూసి, తర్వాత గుర్రాన్ని చూస్తారు. వేలం హాల్లో మొదటి వరసలో చివరి కుర్చీ ఆమెది. తాను మెచ్చిన గుర్రం బరిలోకి రాగానే ఒకసారి తల ఊపుతుంది. అంతే, పాట ఊపందుకుంటుంది.

ఇక అసలు సంగతి. తామ్మోకి రీకె అని ఒక్కతే కూతురు. ఆ పిల్లకి జ్ఞానతల్లి హిల్కేనే. చర్చిలో జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఎత్తుకున్నదీ, మొదటిసారి పొట్టి గుర్రం ఎక్కించిందీ ఆమే. పెళ్ళయ్యాక రీకె, తల్లి గుర్రాన్ని కొనడం దగ్గర్నుంచి ఎనిమిదేళ్ళు కష్టపడి, తన పాకలోనే ఒక గుర్రప్పిల్లను పుట్టించి పెంచింది. పేరు లిండాన్. ఎర్రటి ఒళ్ళు, నాలుగు కాళ్ళకీ మేజోళ్ళు తొడిగినట్టు తెలుపు. పరిగెత్తుతుంటే ముందుకాళ్ళు గాలిలో నిలబడేవి. నాలాంటివాడు కూడా నోరు వెళ్ళబెట్టాడు.

మే నెలలో ఆ గుర్రాన్ని చూడబోయిన రోజు ఇంకెవరూ లేరు, కారులో మేం ముగ్గురమే. హిల్కే లిండాన్ మీద ఎప్పటికన్నా ఎక్కువసేపు కూర్చుంది. దిగాక రీకె చేతిలో పళ్ళెం ఉంటే కేకు తీసుకోకుండానే కారెక్కింది. కారు గేటు దాటింది. మాట్లాడదు. ఊరు కూడా దాటింది.

"చెప్పవే," అన్నాడు తామ్మో.

"ముందుకాళ్ళు పెళ్ళికి పోతున్నాయి, వెనకకాళ్ళు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. వీపు బిగబట్టుకుని నడుస్తోంది. ఎక్కడో నొప్పి దాస్తోంది. వద్దు తామ్మో."

"రీకె గుర్రమే అది."

"తెలుసు. నా పిల్ల గుర్రం కాకపోతే ఇంత ఆలస్యం చేస్తానా చెప్పడానికి?"

తామ్మో కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరే, నీ మాటే," అన్నాడు. నేను చెవులారా విన్నాను.

సెప్టెంబరులో కేటలాగు వచ్చింది. ఇరవై మూడో పేజీలో లిండాన్. కింద "హిల్కే ఎక్కి మెచ్చింది."

ఆమె నాకు ఫోన్ చేసింది. "నువ్వూ చూశావా ఫోక్కో? నాకు చత్వారం వచ్చిందేమోనని కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను." తామ్మోను అడిగితే, అచ్చు వేసేవాడి పొరపాటన్నాడట. వేలం రోజు మైకులో సరిదిద్దిస్తానన్నాడట. ముప్పై ఏళ్ళకు పైబడిన స్నేహితుడు చెబితే ఎవరు నమ్మరు? నమ్మింది. పైగా నాతో, "అనవసరంగా ఆయన మీద అరిచాను," అని నొచ్చుకుంది కూడా.

వేలం రోజు రీకె వాళ్ళ ఊరు ఊరంతా బస్సేసుకుని వచ్చింది. లిండాన్ పేరు కుట్టిన గుడ్డ పట్టుకుని పైవరసల్లో గోల. నేను నడవలో నిలబడ్డాను. ఇరవై మూడో నంబరు పిలిచారు. లిండాన్ అడుగు పెట్టగానే హాలంతా అబ్బా అంది. మైకులో సవరణ వస్తుందని హిల్కే తల పైకెత్తి చూస్తోంది. మైకు పట్టుకున్నవాడు నవ్వుతూ, "ఇది మన హిల్కే మనసుపడ్డ గుర్రం! హిల్కే, అంతేనా?" అన్నాడు.

వెయ్యి మంది ఆమె వైపు తిరిగారు. తామ్మో వేదిక మీద కాగితాలు సర్దుకుంటున్నాడు, దొంగముఖం. బరి వాకిట్లో రీకె రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ ఈమెనే చూస్తోంది. ఆ పిల్లకి ఏమీ తెలియదు. కారులో హిల్కే అన్న మాట రీకె దాకా వెళ్ళనే లేదు.

హిల్కే తల ఊపింది.

లక్షా పది వేల యూరోలకు పాట ఆగింది. కొన్నది డెన్మార్కు నుంచి వచ్చిన దోర్తే అనే ఆవిడ, మొక్కల నర్సరీ నడుపుకునే మనిషి. పదహారేళ్ళ కూతురి కోసం, తన తండ్రి వదిలిన పొలం అమ్మి కొంది. బయట కార్ల దగ్గర హిల్కే నా చెయ్యి పట్టుకుని, "నేనేనా ఊపింది? ఆ పిల్ల ముఖం చూసి ఊపానురా. ఇప్పుడు తిరిగి లోపలికెళ్ళి ఏం చెప్పను?" అంది. ఇంటి దగ్గర దింపాను.

ఫిబ్రవరిలో దోర్తే వచ్చింది. ఆ వేళ నేను హిల్కే వంటింట్లో కారుతున్న కొళాయి బిగిస్తున్నాను. ఆవిడ వచ్చీరాని మా భాషలో, నిలబడే మాట్లాడింది. లిండాన్ వీపుకి ఎక్స్‌రేలు తీయించారట. వెన్నుపూసలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయట. వేలంలో కాళ్ళ ఎక్స్‌రేలే చూపించారు. నొప్పికి తాళలేక గుర్రం ఆవిడ కూతుర్ని విసిరేసింది. భుజం ఎముక రెండు చోట్ల విరిగింది.

"నాకు గుర్రాలు తెలియవండీ. మా అమ్మాయి తెల్ల కాళ్ళు చూసి ముచ్చటపడింది. నేను మిమ్మల్ని చూసి కొన్నాను."

హిల్కే ఆవిడ వైపు కుర్చీ లాగింది. "నేను వద్దన్నానమ్మా. మేలోనే వద్దన్నాను. నా పేరు వాళ్ళు వేసేశారు."

"మరి హాల్లో తల ఊపారుగా?"

"ఊపాను," అంది హిల్కే. దాచలేదు. "ఆ తప్పు నాది. కానీ వద్దన్నది నిజం. అది నేను రుజువు చేస్తాను, నీ డబ్బు నీకు వచ్చేలా చూస్తాను."

దోర్తే వెళ్ళాక హిల్కే కోటు వేసుకుని, "పద ఫోక్కో, తామ్మో ఇంటికి," అంది. దారి పొడుగునా వాణ్ణి తిట్టిపోశాను. ఈ రోజు వాడి ముఖాన్నే అడిగేద్దాం అక్కా, నేనున్నాను, అని కూడా అన్నాను. అన్నాను కదా.

తామ్మో వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోశాడు. గొంతు పెంచలేదు. "రీకె ఎనిమిదేళ్ళ కష్టం నీకు కనపడలేదు. అందుకని నేనే వేశాను. పేరు వేసింది నేను, నిజమే. తల ఊపింది ఎవరు?"

"నేనే. దానికి నన్నేం చేసినా పడతాను. కానీ కారులో నేను వద్దన్నానని నువ్వు సంఘానికి చెప్పు, గుర్రాన్ని వెనక్కి తీసుకోండి."

"కారులో నువ్వేమన్నావో నాకు గుర్తులేదు హిల్కే."

"ఫోక్కో ఉన్నాడు!"

తామ్మో నా వైపు తిరిగాడు. నవ్వుతూనే అడిగాడు. "ఏం ఫోక్కో? నువ్వు బండి నడుపుతూ రోడ్డు చూస్తావు గానీ, వెనక సీటు మాటలు వింటావా?"

నాకు నాలుగేళ్ళయితే పింఛను. ఆ కారు సంఘానిది, నేనుండే ఇల్లు సంఘానిది. ఇవన్నీ ఆ క్షణంలో లెక్కేసుకున్నానని చెబితే అబద్ధం. ఏమీ ఆలోచించలేదు. పందొమ్మిదేళ్ళుగా వాడు అడిగినదానికి తల వంచి జవాబు చెప్పడం అలవాటైన నోరు, అదే తెరుచుకుంది.

"రోడ్డు చూస్తున్నానండీ. సరిగ్గా వినలేదు."

హిల్కే తిడితే బాగుండేది. కాఫీ అలాగే వదిలేసి లేచి, కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది. వెనకే పరిగెత్తి కారు తలుపు తీశాను. ఆమె ఆ తలుపు పక్కనుంచి, మోకాలు పట్టుకుంటూ, సన్నటి వానలో బస్టాపు దాకా నడిచి వెళ్ళింది.

సంఘానికీ దోర్తేకీ తానే ఉత్తరాలు రాసింది, తల ఊపిన సంగతితో సహా. సాక్షి లేని మాట చెల్లదని సంఘం బదులిచ్చింది. గుర్రం వెనక్కి రాలేదు. రీకె, తన గుర్రాన్ని బజారుకెక్కించిందని, జ్ఞానతల్లితో మాట్లాడటం మానేసింది. హిల్కే మళ్ళీ జీను ఎక్కలేదు. ఇప్పుడు మా కారు వెనక సీట్లో ఇంకెవరో కూర్చుంటున్నారు. నడిపేది మాత్రం నేనే.

మొన్న శనివారం బేకరీ వరసలో ఆమె నా ముందే నిలబడి ఉంది. పలకరించక తప్పదని, "అక్కా," అన్నాను. వెనక్కి తిరిగింది. పందొమ్మిదేళ్ళు నన్ను ఒరేయ్ అన్న మనిషి, కొత్తవాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా చిన్నగా నవ్వింది.

"బాగున్నారా, ఫోక్కో గారూ?" అని అడిగి, తన రొట్టె తీసుకుని వెళ్ళిపోయింది.