గిటారు మూతలకు రంగేసే గోపాలసామి

గోపాలసామికి గిటారంటే గిట్టదు. తల దువ్వుకోని పిల్లోళ్లు కడుపుకానించుకుని గీకే పెట్టె అంటాడు. అయినా కోయంబత్తూరు పీళమేడులో తన ఇంటి మేడ మీద ఆయన చేసేది గిటారు పనే. ఎదురింట్లో ఉండే నేను అప్పుడప్పుడూ అక్కడికి వెళ్లి కూర్చుంటాను.

గిటారు తీగల కింద శబ్దాన్ని పట్టుకునే పికప్‌లుంటాయి. వాటి మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద లోహపు మూత ఉంటుంది. మేట్టుపాళయంలో గిటార్లు తయారుచేసే మణికంఠన్, చుట్టరికం ఉన్న కుర్రాడు, ఆ మూతల్ని తెచ్చి ఇస్తాడు. వాటి మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, స్ప్రేగన్‌తో రంగు కొట్టి ఇవ్వాలి.

"నేను రంగేసిన పంపులు బావుల్లో ఇంకా మునిగుండాయి. ఇది ఏమి? నీళ్లలో దిగేదా, నీళ్లు తోడేదా?" అంటూ మూతను రెండు వేళ్లతో ఎత్తి చూపించేవాడు, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు.

ఆయన పంపుసెట్ల కంపెనీలో పెయింటింగ్ సెక్షన్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆ తర్వాత కొన్నాళ్లు వీధికి శాంతి లేదు. ఎవరింటి గేటు కనబడినా గోటితో గీకి చూసి, "ఇది పెయింటా, పలచని టీనా?" అనేవాడు. జనం ఆయన్ని చూసి అవతలి వైపు నడవసాగారు. చివరికి పలకరించేవాళ్లే లేక, వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డును తిడుతూ కూర్చునేవాడు. మణికంఠన్ మూతలు తెచ్చాకే ఆయన మళ్లీ పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడని ఆయన భార్య చెల్లమ్మాళ్ చెప్పింది.

అలాంటి పనే చేజారేలా ఉంది. రంగేసి ఇచ్చిన మొదటి రెండు విడతల మూతలూ వరసగా వెనక్కి వచ్చాయి. మణికంఠన్ వాటిని బల్ల మీద పరిచాడు.

"చూడండి మామా, అమ్మవారు పోసినట్టుండాది. దీన్ని ఏ గిటారుకు బిగించేది? ఈసారి కూడా ఇట్లే అయితే ఏదైనా పెయింటింగు కంపెనీకి ఇచ్చేస్తాను. తప్పుగా అనుకోవద్దు."

నున్నటి ఎర్రరంగు మధ్య ఆవగింజంత గుంటలు. గుంట అడుగున లోహం కనిపిస్తోంది.

అతడు వెళ్లగానే గోపాలసామి నోరు తెరిచాడు. పెయింటు అంగడివాడు దొంగ. థిన్నర్ చేసినవాడు వాడికంటే పెద్ద దొంగ. మేట్టుపాళయం గాలి మంచిది కాదు. అసలు ఆ ఇనుమే ఇనుము కాదు!

ఆ శనివారం మధ్యాహ్నం, ఎప్పటిలాగే పక్కింటి లేత్ షెడ్డు మూసి దుమ్ము అణిగాక, నేను పక్కన కూర్చుని చూస్తుండగా ఆయన మళ్లీ పని మొదలుపెట్టాడు. మూతను థిన్నర్‌తో తుడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి ఫట్ ఫట్‌మని దులిపి, దాంతో ఇంకోసారి తుడిచాడు. కాఫీ తెచ్చిన చెల్లమ్మాళ్ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"ఏమండీ, పొద్దున తలంటుకొని నూనె తుడుచుకున్న తువ్వాలు కదా అది?"

"తువ్వాలు తువ్వాలే. కంపెనీలో ఇన్ని ఏండ్లూ ఇట్లే తుడిచినాను. ఎవడన్నా అడిగినాడా?"

"కంపెనీలో మీరు కొట్టింది రంగా? దోసెపిండి! దాని కింద ఎలుక చచ్చిపడినా కనబడదు."

"నీకేమి తెలుసే పెయింటు గురించి? సుమ్మా, గమ్మునుండు."

"పెయింటు తెలీదు. మీ తువ్వాలు ఉతికేది నేను. దాని మీద నీళ్లే నిలవవు, రంగు నిలుస్తాదా?"

ఆయన స్ప్రేగన్ ఎత్తాడు. రంగు పడింది. పడినచోట చిన్న చిన్న చుక్కలుగా పక్కకు తప్పుకుంది. మా ముగ్గురి కళ్ల ముందే గుంటలు విచ్చుకున్నాయి.

గోపాలసామి చాలాసేపు తిట్టకుండా ఉండటం నేను అప్పుడే చూశాను. తర్వాత దిగి వెళ్లి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు. ఇంకో మూత తీసి, ఉతికిన పాత చీరగుడ్డకు థిన్నర్ తడిపి తుడిచి, వేలు తగలకుండా తీగకు వేలాడదీసి కొట్టాడు. అద్దంలా వచ్చింది.

"ఈ మూత మంచి మూత," అన్నాడు.

"అవునవును, మూతే మంచిది!" అంది చెల్లమ్మాళ్.

సాయంత్రం మణికంఠన్ ఫోన్ చేశాడు. గోపాలసామి స్పీకర్ పెట్టి, "థిన్నరు ఏమయిందంటే..." అని మొదలుపెట్టి భార్య వైపు చూశాడు.

"థిన్నరు కాదురా. నా తలనూనె. తువ్వాలుతో అంటింది. నవ్వొద్దు! నీ చెక్కపెట్టె కోసరం శనివారం తలంటు మానేది లేదు. ఇకమీద మాకు శనివారం లీవు, ఆదివారం డ్యూటీ. ఇష్టముంటే ఇయ్యి, లేకపోతే నీ కంపెనీకి పో."

అవతల నవ్వు ఆగింది.

"ఆదివారమే కొట్టండి మామా. ఈసారి కొన్ని నల్లవి కావాల."

"నలుపా?" గోపాలసామి గొంతు మళ్లీ లేచింది. "ఇంత ఎరుపు లోకంలో ఉండంగా నలుపు అడిగేవానికి కండ్లున్నాయా? పంపించు, చూస్తాము."