ఛాతీ మీది కెమెరా
తాడుకి వేలాడుతూ ఎత్తైన భవనాల అద్దాలు తుడిచే ఆ మనిషి, కెమెరాని కూడా అద్దం తుడిచినంత నింపాదిగా, మూలమూలా చూసి కొన్నాడు. కొట్టతను సెల్ఫీ స్టిక్కు చూపిస్తే, "రెండు చేతులూ పనిలో ఉంటే దీన్నెవరు పట్టుకుంటారండీ" అన్నాడు. హెల్మెట్‌కి బిగించేది వద్దన్నాడు; తను తల తిప్పినప్పుడల్లా చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయట. సబ్బునీళ్ళు చొరబడని పెట్టె, ఛాతీకి కట్టుకునే బెల్టు, జారినా కిందివాళ్ళ నెత్తిన పడకుండా ఓ తాడు తీసుకున్నాడు. ఇదంతా భార్య కోసమే. ఆ పని మానెయ్యమని ఆవిడ రోజూ పోరుతోంది. పైనుంచి ఊరెంత అందంగా ఉంటుందో చూపిస్తే భయం పోతుందని అతని ఆశ.

మొదటిరోజు పనిలో తీసిన వీడియో చూడ్డానికి సాయంత్రం ఇద్దరూ కూర్చున్నారు. ఊరి జాడే లేదు. పని చేస్తున్నంతసేపూ ఛాతీ గోడవైపే ఉంటుందన్న సంగతి అతనికి తట్టనేలేదు. తెర నిండా నురగ. తుడిచినచోటల్లా అద్దంలో అతని మొహం, కూనిరాగం తీస్తూ, కనుబొమలెగరేస్తూ, తనలో తనే నవ్వుకుంటూ. అతను నాలిక్కరుచుకుని ఆపబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది. చివరిదాకా చూసి, "ఇంట్లో ఎప్పుడైనా ఇలా నవ్వారా" అంది. మర్నాడు పొద్దున మానెయ్యమన్న మాట ఎత్తలేదు. ఛాతీ బెల్టు తనే బిగించి, "మీ తాడు కూడా ఇంత గట్టిగానే కట్టుకోండి" అంది.