వెదురు మీది టీ షర్టు

మా అమ్మాయికి కొత్తగా ఉద్యోగం దొరికింది. వాళ్ల ఆఫీసులో కుటుంబాలను పిలిచి విందు ఇస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు.

"పప్పా, అందరి పప్పాలు టీ షర్ట్‌లనే వస్తరు. నీ ఇస్త్రీ అంగీ వద్దు. మంచిగ ఫిట్ అయ్యేది తీస్కో, ప్లీజ్."

కొత్త చోట బిడ్డ పరువంతా నా భుజాల మీద పడింది.

గ్రాంట్ రోడ్ ఫుట్‌పాత్ మీద నీలం రంగుది కొన్నాను. అక్కడ తొడిగి చూస్తే దర్జీ నన్ను నిలబెట్టి కొలిచి కుట్టినంత బాగా కుదిరింది. ఇంటికి రాగానే మా ఆవిడ ఆనవాయితీగా మెడ దగ్గర పసుపు పెట్టింది. ఆ మరక పోవాలని ఉతికించాను. ఆరాక చూస్తే భుజాలు మోచేతులకు దిగాయి. మెడలో నాతోపాటు ఇంకో పెద్దమనిషి తల కూడా హాయిగా పడుతుంది. నాగ్‌పాడాలో ఇంకోటి కొన్నాను. దానికీ పసుపు పడింది, ఉతికితే అదీ అంతే. ఇక కూర్చోలేక, నిలబడలేక గదుల ముందున్న గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరకు తిరగసాగాను.

"ఏమైంది బిడ్డా, కడుపు నొస్తుందా?" అంది పక్కగది ముసలామె.

"టీ షర్ట్ సాగిందత్తా!"

"మంచిదేనాయె. ఇద్దరు తొడుక్కోవచ్చు."

విందుకు ముందురోజు మూడోది తెచ్చి, పసుపు పడగానే ఉతకడానికి ఇచ్చాను. నీళ్లు కారుతున్న దాన్ని మా ఆవిడ గ్యాలరీ బయటికి చాచిన వెదురు బొంగుకు తొడిగింది, టీ షర్టు ఒక చేతిలోంచి దూర్చి ఇంకో చేతిలోంచి లాగి. గదులు బారుగా ఉండే మా చాల్‌లో తాతల కాలం నుంచి చొక్కాలు ఆరేసేది ఇలాగే. అమ్మాయి చూసి కేక పెట్టింది.

"మమ్మీ! నువ్వే సాగదీస్తున్నవ్! నీళ్ల బరువంతా భుజాల మీదనే పడ్తుంది."

"గట్ల దూర్చకపోతే గాలికి ఎగిరి ఎదురు చాల్‌ల పడ్తది. గాడెవడో తొడుక్కుంటడు. మీ పప్పా కంటే వానికే మంచిగ కూసుంటది."

అమ్మాయి దాన్ని తువ్వాలులో చుట్టి అదిమి, మంచం మీద పరిచింది. మా గదిలో పరుపు పరిచే చోటు అదొక్కటే. టీ షర్టు మహారాజులా పవళించింది. మేం ముగ్గురం గోడకు ఆనుకుని కొలువు చేశాం. నేను మాటిమాటికీ లేచి తిప్పుతుంటే, "దోశెనా అది? ఊకె కూసో!" అని మా ఆవిడ కసిరింది.

మర్నాడు తొడిగితే భుజం కుట్టు భుజం మీదే ఉంది. టీ షర్టు తన ఆకారం నిలుపుకుంది, నా ఆకారాన్ని మాత్రం దాచలేదు. ఆఫీసు గేటు దగ్గర పొట్టను వెన్నెముక దాకా లాక్కుని, ఊపిరి బిగబట్టి నడిచాను.

"పప్పా, ఊపిరి వదులు. లోపల అందరితోని మాట్లాడాలె," అంది అమ్మాయి.

వదిలాను. అమ్మాయి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. ఎదురొచ్చిన మొదటి మనిషికే "మా పప్పా" అని చూపించింది. నేను నమస్కారం పెడుతూనే భుజం కుట్టు ఎక్కడుందో తడుముకున్నాను.